విశ్వారంభమును గణించిన ఆచార్యుడు: జార్జి లెమైత్రు

రాత్రివేళ ఆరుబయట మంచముపై పరుండి ఆకసమును జూచువారికి నక్షత్రముల నడుమ చీకటి మాత్రమే కానవచ్చును. కాని ఆ చీకటి యంతయు ఒక సన్నని వెలుగుతో నిండియున్నది. అది రేడియో తరంగముల జాతికి చెందినదగుటచే మన కన్నులు దానిని గ్రహింపజాలవు. పగలనక రేయనక, తూర్పనక పడమరనక, అన్ని దిక్కుల నుండియు అది సమముగా వచ్చి భూమిని చేరుచున్నది. ఒక ఘనసెంటీమీటరు చోటిలో నెప్పుడును ఆ వెలుగునకు చెందిన కాంతికణములు సుమారు 410 ఉండును. పూర్వము ఇండ్లపై యాంటెన్నాలు కట్టి టెలివిజను చూచు దినములలో, కార్యక్రమము రానప్పుడు తెరపై నువ్వులు చల్లినట్లు చుక్కలు కదలాడుచుండెడివి. ఆ చుక్కలలో నూటికి ఒకటి వంతు ఈ వెలుగు చేసిన పనియే. శాస్త్రజ్ఞులు దీనికి విశ్వ సూక్ష్మతరంగ వికిరణమని పేరిడిరి.

ఈ విశ్వము అనాదిగా నిట్లే యున్నదా, లేక దీనికొక ఆరంభము కలదా యను ప్రశ్నకు నేడు ఆ వెలుగే ప్రధాన సాక్షి. ఆ సాక్షి లోకమునకు కనబడినది 1965లో. అంతకు 34 ఏండ్లకు ముందే, విశ్వమునకొక ఆరంభము కలదని గణితబలముతో ప్రకటించి, నిదర్శనము కొరకు జీవితాంతము వేచియుండిన మహనీయుడు జార్జి లెమైత్రు.

లెమైత్రు 1894వ సంవత్సరము జూలై 17వ తేదీన బెల్జియము దేశములోని షార్లెర్వా పట్టణమున జన్మించెను. అది బొగ్గుగనులకును గాజు పరిశ్రమకును పేరువడిన ప్రాంతము. తండ్రి జోసెఫ్ ఒక గాజు కర్మాగారమునకు యజమాని. ఆ కర్మాగారము అగ్నిప్రమాదమునకు గురికాగా, కొంతకాలమునకు ఆ కుటుంబము బ్రస్సెల్స్ నగరమునకు తరలిపోయెను. బాలుడు జెసూటు గురువుల పాఠశాలలో చదివెను. మతాచార్యుడు కావలెనని యొక కోరికయు, శాస్త్రజ్ఞుడు కావలెనని మరియొక కోరికయు చిన్ననాటనే ఆతని మనస్సున నాటుకొనెను. రెంటిలో నొకదానిని విడువవలెనని ఆతని కెన్నడును తోచలేదు. 1911లో లూవెను విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువునకు చేరెను.

1914 ఆగస్టులో జర్మను సేనలు బెల్జియముపై బడెను. ఇరువది యేండ్ల లెమైత్రు చదువు మాని స్వచ్ఛందముగా సైన్యమున జేరెను. యీజరు నదీతీరమున జరిగిన ఘోరయుద్ధమున పాల్గొనెను. తరువాత ఫిరంగిదళమున పనిచేసెను. కందకములలో తీరిక చిక్కిన వేళల ఫ్రెంచి గణితవేత్త పొయాంకరే వ్రాసిన గ్రంథములను చదువుచుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట శౌర్యపతకముతో ఇల్లు చేరెను. అంతట ఇంజనీరింగును వదలి గణితమును, భౌతికశాస్త్రమును చేపట్టి 1920లో డాక్టరు పట్టమును పొందెను. ఆ వెంటనే మతవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట వేదాంత గ్రంథములతో పాటు ఐన్‌స్టీను సాపేక్ష సిద్ధాంతమును గూడ తనంతట తాను అభ్యసించెను. 1923 సెప్టెంబరు 22వ తేదీన మతాచార్య దీక్షను స్వీకరించెను.

దీక్ష గైకొనిన కొలది దినములకే ఆయన ఇంగ్లండునకు బయలుదేరెను. కేంబ్రిడ్జిలో ఆర్థరు ఎడింగ్టను అను ఖగోళవేత్త యొద్ద ఒక సంవత్సరము శిష్యరికము చేసెను. 1919 నాటి సూర్యగ్రహణమున నక్షత్రకాంతి సూర్యుని చెంత వంగుటను కొలిచి, ఐన్‌స్టీను సిద్ధాంతమునకు నిదర్శనము జూపిన వాడీ ఎడింగ్టనే. పిదప లెమైత్రు అమెరికాకు పోయి హార్వర్డు వేధశాలలో హార్లో షాప్లీ యొద్ద పనిచేసెను. అరిజోనాలో స్లైఫరును, కాలిఫోర్నియాలో హబులును కలిసికొని, వారు దూరదర్శినులతో చేయుచున్న కొలతలను స్వయముగా తెలిసికొనెను. 1925లో స్వదేశమునకు మరలివచ్చి లూవెనులో ఆచార్యత్వమును స్వీకరించెను. కాగితముపై గణితము చేయువారును, ఆకసమును కొలుచువారును ఆనాడు వేర్వేరుగా నుండెడివారు. ఆ ఇరువురి మాటలును విని, రెంటిని జోడించుట లెమైత్రునకు సాధ్యమైనది.

ఆ జోడింపు ఎట్టిదో కొంచెము వివరింపవలెను. రైలుబండి మనలను దాటి దూరముగా పోవునప్పుడు దాని కూత స్వరము తగ్గును. అట్లే, మనకు దూరమగుచున్న వస్తువు నుండి వచ్చు కాంతి తరంగములు సాగి ఎరుపు వైపునకు జరుగును. దూరమున నున్న నక్షత్రసమూహములలో పెక్కింటి కాంతి ఇట్లు ఎరుపునకు జరిగియుండుటను స్లైఫరు 1912 మొదలు కొలుచుచు వచ్చెను. దీని కారణము ఎవ్వరికిని స్పష్టము కాలేదు. విశ్వము స్థిరముగా నుండునదని ఐన్‌స్టీనే నమ్మియుండెను. తన సమీకరణములు విశ్వము నిలకడగా నుండదని సూచించుచుండగా, దానిని నిలిపియుంచుటకై ఆయన 1917లో ఒక స్థిరాంకమును అందు చేర్చెను.

1927లో లెమైత్రు బ్రస్సెల్స్ శాస్త్రసంఘము వారి పత్రికలో ఫ్రెంచి భాషయందొక వ్యాసమును ప్రకటించెను. నక్షత్రసమూహములు ఆకాశములో పరుగెత్తుట లేదు, వాని నడుమనున్న ఆకాశమే సాగుచున్నది, ఎంత దూరమున నున్నవి అంత వేగముగా దూరమగుచున్నవి అనునది ఆ వ్యాసము సారాంశము. అంతటితో నాగక 42 నక్షత్రసమూహముల కొలతలను దీసికొని ఆ వేగము నెంతయో లెక్కగట్టెను. ప్రతి మెగాపార్సెకు దూరమునకు, అనగా 32 లక్షల 60 వేల కాంతిసంవత్సరములకు, సెకనునకు 625 కిలోమీటర్లని ఆయనకు వచ్చిన ఫలము. నేటి కొలతలు సుమారు 70 అని చెప్పుచున్నవి. నాటి దూరపు కొలతలలో పెద్ద తప్పులుండుటయే ఈ భేదమునకు కారణము. మార్గము మాత్రము సరియైనదే.

ఆ యేడు అక్టోబరులో బ్రస్సెల్స్ నగరమునకు శాస్త్రసభకై ఐన్‌స్టీను వచ్చెను. లెమైత్రు ఆయనను కలిసి తన వ్యాసమును గూర్చి ముచ్చటించెను. గణితమున దోషము లేదుగాని అందలి భౌతికభావము ఎంతమాత్రము అంగీకారము కాదని ఆ మహాశాస్త్రవేత్త చెప్పివేసెను. రష్యాదేశమున ఫ్రీడ్‌మను అనువాడు 1922లోనే ఇట్టి గణితమును చేసియుండెనని గూడ తెలిపెను. అంతవరకు లెమైత్రునకు ఆ సంగతి తెలియదు. లోకమంతయు గౌరవించు పెద్ద నోట నట్టి మాట విన్న యువకుడు నిరాశపడుట సహజము. లెమైత్రు వాదమునకు దిగలేదు, వ్యాసమును వెనుకకు దీసికొననూ లేదు. లూవెనునకు తిరిగిపోయి విద్యార్థులకు పాఠములు చెప్పుకొనుచుండెను.

రెండేండ్లకు పైగా ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు లేరు. దాని ప్రతి యొకటి ఎడింగ్టనుకు సైతము అందియుండెను గాని ఆయన దానిని మరచియుండెను. 1929లో హబులు తన కొలతలతో నక్షత్రసమూహముల వేగమునకును దూరమునకును గల సంబంధమును ప్రకటించెను. 1930 ఆరంభమున లండనులో జరిగిన ఖగోళసభలో ఈ వేగములకు అర్థమేమని ఎడింగ్టను చింతించెను. ఆ సభావృత్తాంతమును చదివిన లెమైత్రు, ఆ ప్రశ్నకు సమాధానము మూడేండ్ల క్రిందటనే అచ్చయినదని గురువునకు వినయముగా నొక లేఖ వ్రాసెను. ఎడింగ్టను తన పొరపాటును గుర్తించి, శిష్యుని వ్యాసమును ఎల్లెడల చాటెను. 1931లో దాని ఆంగ్లానువాదము లండనులో అచ్చయ్యెను. ఆ యేడే ఐన్‌స్టీను విశ్వవ్యాకోచమును అంగీకరించెను.

ఈ అనువాదమును గూర్చి యొక విశేషమున్నది. మూలమున లెమైత్రు వేగమును లెక్కగట్టిన భాగము ఆంగ్లప్రతిలో లేదు. ఆ కారణమున ఆ కీర్తి హబులునకే దక్కెను. ఎవరో కావలెనని ఆ భాగమును తొలగించి యుందురని చాలకాలము అనుమానముండెను. 2011లో లండను ఖగోళసంఘపు పాత కాగితములను వెదకగా లెమైత్రు స్వహస్తముతో వ్రాసిన లేఖ బయటపడెను. అనువాదము చేసినది ఆయనయే, ఆ భాగమును వదలినదియు ఆయనయే. అంతకంటె మంచి కొలతలు వచ్చియున్నవి గనుక తన పాత లెక్కను మరల అచ్చువేయుట అనవసరమని ఆయన భావించెను. కీర్తికంటె లెక్క సరిగా నుండుటయే ఆయనకు ముఖ్యము.

విశ్వము నానాటికి విస్తరించుచున్నచో, వెనుకకు పోయిన కొలది అది చిన్నదిగా నుండవలెను గదా. ఇంకను వెనుకకు పోయిన నేమగును? 1931 మే నెలలో లెమైత్రు 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసెను. విశ్వమందలి సమస్త పదార్థమును శక్తియు ఆదిలో ఒక్క అణువుగా నుండి, అది భిన్నమై ఇన్ని విధముల విస్తరించినదని అందలి భావము. దీనికే పిదప ఆయన 'ఆదిమాణువు' అని పేరు పెట్టెను. నాటి శాస్త్రజ్ఞులలో పెక్కుమందికి ఇది రుచింపలేదు. గురువగు ఎడింగ్టనుకే విశ్వమునకు ఆరంభమనుట సమ్మతము కాలేదు. మతాచార్యుడు గనుక తన మతగ్రంథములోని సృష్టికథను శాస్త్రమున చొప్పించుచున్నాడని కొందరు అనుమానించిరి.

ఈ అనుమానమును లెమైత్రు జీవితమంతయు మోయవలసి వచ్చెను. దానికాయన చెప్పిన సమాధానము ఆచరణరూపమున నున్నది. 1951 నవంబరులో రోమునగరమున పోపు పన్నెండవ పయస్ గారు శాస్త్రపరిషత్తు సభ్యుల యెదుట ప్రసంగించుచు, విశ్వమునకు ఆరంభము కలదను శాస్త్రజ్ఞుల మాట సృష్టికర్త యున్నాడనుటకు ఆధారమన్నట్లు పలికిరి. తన మతాధిపతియే తన సిద్ధాంతమును మెచ్చుకొనినప్పుడు మరియొకడైనచో పొంగిపోవును. లెమైత్రు కలవరపడెను. తన సిద్ధాంతము ఇంకను రుజువు కాని ఊహ. అది రేపు తప్పని తేలవచ్చును. అట్టిదానిపై విశ్వాసమును నిలుపుట విశ్వాసమునకే కీడు. అది నిజమైనను, దేవుడు కలడనిగాని లేడనిగాని చెప్పుటకు భౌతికశాస్త్రమునకు అధికారము లేదు. ఒక ఖాతాలోని పద్దును మరియొక ఖాతాలో వ్రాసినచో రెండు లెక్కలును చెడును. వాటికను ఖగోళశాలాధ్యక్షునితో గూడి ఈ విషయమును ఆయన పెద్దల దృష్టికి తెచ్చెను. మరుసటి యేట రోములో జరిగిన ఖగోళవేత్తల మహాసభయందు పోపుగారు ఆ ప్రస్తావన తేలేదు.

మరియొక వైపు నుండి ఎదిరింపు తీవ్రముగానే యుండెను. 1948లో ఇంగ్లండున హాయిల్, బాండీ, గోల్డు అను మువ్వురు, విశ్వమునకు ఆద్యంతములు లేవనియు, అది విస్తరించుచున్నను క్రొత్త పదార్థము పుట్టుచుండుటచే ఎల్లప్పుడు ఒకే తీరుగా నుండుననియు సిద్ధాంతము చేసిరి. 1949లో రేడియో ప్రసంగమున హాయిల్ ఆరంభవాదమునకు పెట్టిన 'బిగ్ బ్యాంగ్' అను పేరే నేడు లోకమున స్థిరపడినది. మనము దానిని మహావిస్ఫోటమనుచున్నాము. ఈ రెండు పక్షములలో నేది సత్యమో తేల్చుటకు సాక్ష్యము కావలసియుండెను. ఆరంభమున వెలువడిన కిరణముల అవశేషము ఎచ్చటనో మిగిలియుండునని లెమైత్రు దృఢముగా విశ్వసించెను. అంతరిక్షము నుండి భూమిపై బడు విశ్వకిరణములే ఆ అవశేషములని తలచి, వయార్తా అను సహచరునితో గూడి వాని మార్గములను ఏండ్లతరబడి లెక్కగట్టెను. యంత్రములతో లెక్కలు చేయుటయన్న ఆయనకు మిక్కిలి ప్రీతి. 1958లో లూవెను విశ్వవిద్యాలయమునకు మొదటి ఎలక్ట్రానికు గణనయంత్రమును తెచ్చినవాడు ఆయనయే. కాని విశ్వకిరణముల విషయమున ఆయన ఊహ సరికాలేదు. అవి చాలవరకు పేలిపోయిన నక్షత్రముల వంటి చోటుల నుండి వచ్చుచున్నవని తరువాత తెలిసెను.

సరియైన జాడను చూపినవారు అమెరికాలో గామోవు, ఆయన సహచరులగు ఆల్ఫరు, హెర్మనులు. ఆదిలో విశ్వము మిక్కిలి వేడిగా నుండెనని వారి తలంపు. కొలిమిలో కాల్చిన ఇనుము మొదట తెల్లగా వెలిగి, పిదప ఎర్రబడి, తుదకు వెలుగు కనబడకున్నను చేతికి వేడి తగులుచునే యుండును. అట్లే ఆ తొలినాటి వేడి నేటికిని పూర్తిగా చల్లారక, నిరపేక్ష శూన్యమునకు సుమారు 5 డిగ్రీల మీద నుండవలెనని ఆల్ఫరు, హెర్మనులు 1948లో లెక్కగట్టిరి. ఆ లెక్కను పరీక్షించుటకు ఎవరును పూనుకొనలేదు.

1964లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున బెల్ ప్రయోగశాలకు చెందిన పెంజియాస్, విల్సను అను ఇద్దరు యువకులు పెద్ద కొమ్ము వంటి యాంటెన్నాతో పనిచేయుచుండిరి. అందు సన్నని రొద యొకటి ఎంతకును విడువకుండెను. యాంటెన్నాను ఏ దిక్కునకు త్రిప్పినను, ఋతువులు మారినను, అది మారలేదు. లోపల గూడు కట్టిన పావురములను వెడలగొట్టి, వాని రెట్టను తుడిచివేసినను పోలేదు. కొంత దూరమున ప్రిన్స్‌టనులో డికీ అను ఆచార్యుని బృందము సరిగా ఆ రొదకై వెదకుట కుపక్రమించియుండెను. ఇరువర్గముల వారును మాటలాడుకొనగా నిజము తేలెను. నిరపేక్ష శూన్యమునకు సుమారు 3 డిగ్రీల మీదనున్న ఆ వికిరణము విశ్వారంభపు వేడికి మిగులు. 1965 జూలైలో ఈ సంగతి అచ్చయ్యెను. పెంజియాస్, విల్సనులకు 1978లో నోబెలు బహుమానము లభించెను.

లెమైత్రు 1964 డిసెంబరులో గుండెజబ్బునకు లోనయ్యెను. ఆపై రక్తపుక్యాన్సరు వ్యాధి పట్టెను. 1966 జూన్ నెలలో లూవెను ఆసుపత్రిలో పడకపై నుండగా, చిరకాల సహాయకుడు ఓడోను గొదార్ వచ్చి ఈ క్రొత్త సంగతిని వినిపించెను. ముప్పదియైదేండ్లుగా ఎదురుచూచిన నిదర్శనము చిక్కినదని విని ఆ వృద్ధాచార్యుడు సంతోషించెను. కొలది దినములకే, జూన్ 20వ తేదీన, 71 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. జన్మస్థలమునకు సమీపముననే ఆయనను ఖననము చేసిరి.

ఆయన పోయిన పిదప ఆ వెలుగు మరిన్ని సంగతులను వెల్లడించినది. శీతకాలపు ప్రాతఃకాలమున పొలములపై క్రమ్మిన పొగమంచులో పది బారల దూరము కనబడదు. మంచు విడగానే దూరపు చెట్లును తేటపడును. తొలినాటి విశ్వము అట్టి దట్టమైన వేడిమంచు. సుమారు 3,80,000 ఏండ్లకు అది 3,000 డిగ్రీల వేడికి దిగి తేటపడగా, కాంతి స్వేచ్ఛగా బయలుదేరెను. ఆ కాంతియే నేడు మనలను చేరుచున్నది. ఆకాశము నాటికంటె సుమారు 1,100 రెట్లు సాగుటచే, సాగదీసిన రబ్బరుపై గీతల వలె దాని తరంగములు సాగి సూక్ష్మతరంగములైనవి. 1989లో అంతరిక్షమునకు పంపిన 'కోబె' ఉపగ్రహము దాని ఉష్ణోగ్రతను కచ్చితముగా కొలిచినది. అది 2.725 డిగ్రీలు. ఒక దిక్కునకును మరియొక దిక్కునకును లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు కలవని 1992లో తెలిసెను. ఆ స్వల్పభేదములే నక్షత్రసమూహములకు విత్తనములు. కాస్త దట్టముగా నున్నచోట పదార్థము చేరి చేరి నక్షత్రములును, గ్రహములును, తుదకు మనమును ఏర్పడితిమి. 2009లో పంపిన 'ప్లాంక్' ఉపగ్రహపు కొలతలను బట్టి విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములు. మనకు తెలిసిన పదార్థము విశ్వమున నూటికి అయిదు వంతులు మాత్రమే. మిగిలినది కృష్ణపదార్థము, కృష్ణశక్తి అని పేర్లు పెట్టబడిన, ఇంకను స్వభావము తెలియని వస్తువు.

లెమైత్రు అన్నింటను నెగ్గెనని చెప్పరాదు. ఆదిమాణువు చల్లనిదని తలచుట పొరపాటు. విశ్వకిరణముల విషయమును పొరపాటే. కాని ఐన్‌స్టీను తానే విడిచిన స్థిరాంకమును లెమైత్రు తుదివరకు విడువలేదు. విశ్వవ్యాకోచము నానాటికి వేగము పుంజుకొనుచున్నదని 1998లో తేలగా ఆ స్థిరాంకము మరల లెక్కలలోనికి వచ్చెను. 2018లో అంతర్జాతీయ ఖగోళసంఘము వారు హబులు నియమమును ఇకపై హబులు–లెమైత్రు నియమమని పిలువవలెనని నిర్ణయించిరి. తాను వదలివేసిన పేరు తొంబదియేండ్లకు ఆయనను వెదకికొనుచు వచ్చినది.

ఎవరును చదువని పత్రికలో 1927లో అచ్చయిన ఆ వ్యాసము, చదువువాడు వచ్చువరకు బీరువాలోనే యుండెను. పాత కాగితముల నడుమ నున్న లేఖ ఎనుబదియేండ్లు వేచి నిజమును చెప్పెను. ఆదినాటి వెలుగు 1,380 కోట్ల ఏండ్లు ప్రయాణము చేసి, తనను గుర్తించువారి చెంతకు చేరెను. గ్రంథాలయములు నిలుచునది ఇట్టి నమ్మకముపైననే. అరలలో దుమ్ము పట్టిన ఏ పుస్తకమునకు ఏనాడు ఏ బాలుడు చేయి చాచునో ఎవరెరుగుదురు? ఆనాటి వరకు దానిని చెదలు పట్టకుండ కాపాడుట మనవంతు పని.